వేట ఆగిన వేసవి

ఆ ఏడు ఏప్రిల్ పదిహేనున పడవలన్నీ ఒడ్డుకు లాగిన రోజే, ఈసారి కోనకు పోయి పాప మొక్కు తీర్చాల్సిందేనని మా అత్త కామమ్మ పట్టుబట్టింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు ఎవరినీ సముద్రం మీదికి పోనివ్వరు. విడవలూరు అవతల మా పాలెంలో మగవాళ్ళు ఇంటిపట్టున కనిపించేది ఆ రెండు నెలలే. పెళ్ళిళ్ళయినా, గుడి పనులయినా, ఇంటికప్పు బాగుచేసుకోవడమైనా అప్పుడే.

మా పాప వెన్నెలకు రెండేళ్ళప్పుడు డెంగీ జ్వరం వచ్చింది. బిడ్డ బతికి బట్టకడితే ఏడో ఏట పెంచలకోన నరసింహస్వామికి తలనీలాలు ఇస్తానని మా అత్త మొక్కుకుంది. అప్పుడు నేను ఆమె పక్కనే నిలబడి చేతులు జోడించాను. ఈ మాట ముందే చెప్పాలి. తర్వాత నేను ఆమెను అన్న మాటలు వింటే మొక్కు ఆమె ఒక్కదానిదే అనుకుంటారు. శనివారం ఇంట్లో నీసు రానివ్వకుండా, తలకు పోసుకుని, స్వామి పటం ముందు దీపం పెట్టేది నేనే. మా ఆయన కిషోర్ నవ్వేవాడు. "చేపలు పట్టే ఇంట్లో చేపలకు సెలవు ఇచ్చినావే" అనేవాడు.

మే నెలలో, కోనలో బ్రహ్మోత్సవాలప్పుడు బయల్దేరాం. కిషోర్ రాలేదు. పడవ అడుగున పగులిస్తే దానికి ఫైబరు అతికే పనిలో ఉన్నాడు. మా పాలెం ముత్యాలయ్య ఆటోలో నేను, మా అత్త, పాప, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళం పోయాం. వెన్నెలకు నడుందాకా జుట్టు. ఏడుస్తుందేమో అనుకున్నాను. కత్తి ఆడుతుంటే చక్కిలిగింతలు పెడుతున్నట్టు కిలకిలా నవ్వింది. గుండుకు గంధం పూయించుకుని, నా ఫోనులో చూసుకుని, "నేను అచ్చం నాయన మాదిరే ఉండా" అంది. దర్శనం బాగా అయింది. రెండు గంటలకంతా తిరుగు ప్రయాణమయ్యాం.

పొదలకూరు దాటాక రోడ్డు పక్కన, పొలాల అవతల ఏదో గుడి గోపురం కనిపించింది. ఏ గుడో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. క్షేమంగా ఇల్లు చేర్చమని అడిగాను. కళ్ళు తెరవకముందే ఆటో ఒక పక్కకు ఒరిగింది.

బర్రె అడ్డం వచ్చిందని తర్వాత చెప్పారు. ముత్యాలయ్యకు చెయ్యి విరిగింది. మిగతా వాళ్ళకు గీసుకుపోయిన దెబ్బలు. నేను లేచి చూసేసరికి వెన్నెల కల్వర్టు గోడ పక్కన, నిద్రపోయినట్టు పడి ఉంది. గుండు మీద గంధం కూడా చెరగలేదు. ఎడమ చెవిలోంచి మాత్రం సన్నగా నెత్తురు కారుతోంది. ఇంత చిన్న దెబ్బే గదా అనుకున్నాను. ఎత్తుకుంటే తల నా చేతిలోంచి వెనక్కి జారిపోయింది. అప్పుడు అరిచాను.

నెల్లూరు ఆస్పత్రిలో స్కానింగు తీసి, తలలో నెత్తురు గడ్డ కట్టిందనీ, వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పారు. పెద్ద డాక్టరు బయటికి వచ్చి మొదట అడిగిన మాట ఇది:

"గుండు ఎవరు చేసినారు? ఇంకో ఆస్పత్రికి పోయి వచ్చినారా?"

"లేదు సార్. పొద్దున కోనలో..." అన్నాను.

ఆయన తల ఆడించి, "సరే, కొంత టైం కలిసొచ్చింది" అని లోపలికి పోయాడు.

మా అత్త నా భుజం పట్టుకుంది. ఆమె మోచెయ్యి దోక్కుపోయి ఉంది. కళ్ళల్లో ఏదో వెలుగు. "విన్నావా సొర్నా? సామికి ముందే తెలుసు. అందుకే ముందే..."

"నోరు మూసుకో అత్తా" అన్నాను. "గుండు కొట్టించుకోని మరీ తల పగలగొట్టినాడా నీ సామి?"

ఆమె చెయ్యి నా భుజం మీదినుంచి జారిపోయింది. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆమెను నేను ఎప్పుడూ అంత మాట అనలేదు. అన్నందుకు అప్పుడు బాధ కూడా కలగలేదు.

కిషోర్ వచ్చేటప్పటికి పాపను ఆపరేషన్‌కు తీసుకుపోయారు. చేతులకు ఫైబరు జిగురు మరకలు, కాళ్ళకు చెప్పుల్లేవు. ఎవరిదో బండి వెనక కూర్చుని అట్లాగే వచ్చేశాడు. ఎట్లా జరిగిందని నన్ను అడగలేదు. నా పక్కన నేల మీద కూర్చుని, వేళ్ళ మీది జిగురు గోటితో గీక్కుంటూ ఉండిపోయాడు.

ఆపరేషన్ అయింది. బిడ్డ ప్రాణంతో ఉంది. కళ్ళు మాత్రం తెరవలేదు.

*

ఐసీయూలోకి పొద్దున పదికి ఒకసారి, సాయంత్రం అయిదుకి ఒకసారి వదిలేవాళ్ళు. ఒక్క మనిషిని, పది నిమిషాలు. పొద్దున నేను పోయేదాన్ని. సాయంత్రం కిషోర్ పోయేవాడు, లేదా అతని వంతు కూడా నేనే తీసుకునేదాన్ని. మా అత్త రెండు పూటలా ఆ గాజు తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పిలుస్తారేమో అన్నట్టు నిలబడేది. నేను ఆమె వైపు చూడకుండా లోపలికి పోయేదాన్ని. వచ్చాక ఆమె "కదిలిందా?" అని అడిగేది. నేను కిషోర్‌కు జవాబు చెప్పేదాన్ని.

లోపల వెన్నెల నోట్లో గొట్టం, ముక్కులో గొట్టం. యంత్రం ఊపిరి తోసినప్పుడల్లా రొమ్ము ఎగిసేది. నేను దాన్నే చూసేదాన్ని. ఎగిసింది, దిగింది. మళ్ళీ ఎగుస్తుందా? ఎగిసింది. పది నిమిషాలూ అదే పని.

ప్రార్థన చేద్దామనుకుంటే నాకు మాటలు రాలేదు. 'స్వామీ' అనేదాకా వచ్చేది. తర్వాత ఏమనాలో తెలిసేది కాదు. కాపాడమనా? క్షేమంగా ఇల్లు చేర్చమని అడిగి ఒక నిమిషం కాలేదు, అప్పుడే గదా ఇట్లా జరిగింది. నేను కళ్ళు మూసుకున్న సంగతి ఎవరికీ చెప్పలేదు. కళ్ళు తెరుచుకుని ఉంటే బర్రెను నేను ముందే చూసి ఉండేదాన్ని, బిడ్డను పట్టుకుని ఉండేదాన్ని అని రోజుకు వందసార్లు అనుకునేదాన్ని.

నేను ఆగిపోయిన చోట కిషోర్ మొదలుపెట్టాడు. ఏనాడూ గుళ్ళో రెండు నిమిషాలు నిలబడని మనిషి, పెన్న ఒడ్డున రంగనాయకుల గుడికి రోజూ తెల్లవారే పోయి వచ్చేవాడు. పాలెం పోయి గంగమ్మకు పొంగలి పెట్టించాడు. కసుమూరు దర్గాకు పోయి దారం తెచ్చాడు. ఒకరోజు ఆ దారం నా చేతిలో పెట్టి, పాప చేతికి కట్టి రమ్మన్నాడు.

లోపల సిస్టర్ ఎలిశబెతు అని కావలి ఊరి నర్సు ఉండేది. యాభై ఏళ్ళుంటాయి. పాపకు ఏం చేసినా చెప్పి చేసేది. "బుజ్జమ్మా, ఇప్పుడు పక్కకి తిప్పుతున్నా, భయపడబాక" అనేది. ఆమె నా చేతిలోని దారం చూసింది.

"చేతికి వద్దు తల్లీ, సూదులుండాయి" అంది. నా ముఖం చూసి, ఆ దారం తనే తీసుకుని మంచం కాలికి ముడి వేసింది. "ఈడ ఉంటుంది. ఎవురూ తియ్యరు. నేను చెప్తాలే."

తర్వాత మెల్లగా అడిగింది. "నేను రోజూ డ్యూటీ దిగేముందు బిడ్డ కోసం ప్రార్థన చేస్తన్నా. నీకేం అభ్యంతరం లేదు గదా?"

"చేసుకోండి మేడం. నాకైతే రావడంలా" అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. "రాకపోతే ఊరికే కూర్చో. బిడ్డ చెయ్యి పట్టుకో. అది చాలు" అంది.

ఆ సాయంత్రం కిషోర్ కుంకుమ పొట్లం తెస్తే నేను పెట్టుకోలేదు.

"ఒక్కసారి మొక్కుకో సొర్నా" అన్నాడు. "నేను కొత్తోడిని. నా మాట వింటాడో లేదో. నువ్వు ఎన్నేళ్ళుగా దీపం పెట్టినావు. నీ మాట వింటాడు."

"విన్నాడు గదా" అన్నాను.

అతను పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏడ్చాడు. అతను ఏడవడం నేను అదే మొదటిసారి చూశాను. నేను దగ్గరికి పోలేదు. కొంచెం అవతల మా అత్త నిలబడి ఉంది. ఆమె కూడా రాలేదు. ముగ్గురం మూడు చోట్ల ఉన్నాం.

*

పదోరోజు పొద్దున వెన్నెల కళ్ళు తెరిచింది. నేను ముందుకు వంగి పేరు పెట్టి పిలిచాను. ఆ కళ్ళు నన్ను దాటిపోయి, నా వెనక గోడను చూస్తున్నట్టున్నాయి. నా బిడ్డ కళ్ళే. లోపల బిడ్డ లేదు. బయటికి వచ్చి కిషోర్‌కు "కళ్ళు తెరిచింది" అని చెప్పాను. మిగతాది చెప్పలేదు. అతను చెప్పుల్లేకుండా పోయి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు.

ఇంకో మూడు రోజులకు ఆ చూపు నా వెంట తిరగసాగింది. గొట్టాలు తీసేశారు. వార్డుకు మార్చారు. కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. ఏడుపు వచ్చినా శబ్దం లేకుండా కన్నీళ్ళు మాత్రం కారేవి.

"దెబ్బ ఎడమ పక్క తగిలింది" అన్నాడు డాక్టరు. "మాట కూడా ఆ పక్కే ఉంటుంది. పిల్లలకు తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంటుందమ్మా. ఎప్పుడు, ఎంత అనేది నేను చెప్పలేను."

నాకు 'చెప్పలేను' ఒక్కటే వినిపించింది.

వార్డులో ఎవరైనా రావచ్చు. అయినా మా అత్తను నేను పాప దగ్గర కూర్చోనివ్వలేదు. ఆమె వచ్చి మంచం పక్కన నిలబడగానే ఏదో ఒక పని చెప్పేదాన్ని. నీళ్ళు తెమ్మనీ, దుప్పటి ఉతికి ఆరెయ్యమనీ, మందుల చీటీ కిషోర్‌కు ఇవ్వమనీ. ఆమె మాట్లాడకుండా పోయేది. విడవలూరు సంతలో చేపల గంప దించిందంటే పది మంది బేరగాళ్ళను నోటితో ఆడించే మనిషి. గొంతు ఎట్లా ఉంటుందో మరిచిపోయేంతగా మౌనమైపోయింది.

జూన్ పద్నాలుగున కిషోర్ పాలెం పోవడానికి బయల్దేరాడు. మర్నాటి నుంచి వేట.

"ఒక్క వారం ఆగకూడదా?" అన్నాను.

"నలుగురం కలిసి ఎక్కే పడవ. నేను ఆగితే వాళ్ళు ముగ్గురూ ఆగాల. రెండు నెలలు ఆగినోళ్ళు సొర్నా."

అది నాకూ తెలుసు. అయినా భయం. ఒక మనిషి మంచం మీద, ఇంకో మనిషి నీళ్ళ మీద. ఇద్దరి కోసం ఒకేసారి ఎట్లా కాచుకోవాలో తెలియలేదు. కిషోర్ వెన్నెల కుడి పాదం కాసేపు చేత్తో పట్టుకున్నాడు. "పండుగప్ప చేపను తెస్తా నీకు. ఇంత పెద్దది" అని చేతులు చాచి చూపించాడు. వెన్నెల అతని చేతుల వంక చూసింది. మెట్ల దగ్గర నాతో అన్నాడు, "అమ్మను కొంచెం చూసుకో. ఏమన్నా తింటా ఉండాదో లేదో."

"నాకు బిడ్డను చూసుకునేదానికే చేతులు చాలడంలా" అన్నాను.

*

ఆస్పత్రి ఎదురు సందులో రోగుల మనుషులు వండుకునే రేకుల షెడ్డు ఉంది. పాప గంజి అక్కడ మా అత్త కాచి తెచ్చేది. కిషోర్ పోయిన మర్నాడు మధ్యాహ్నం ఎంతసేపటికీ ఆమె రాలేదు. పక్క మంచం వాళ్ళకు పాపను చూడమని చెప్పి నేనే పోయాను.

ఎండ మండిపోతోంది. షెడ్డులో నాలుగైదు పొయ్యిలు వెలుగుతున్నాయి. మా అత్త ఒక మూల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. వెనకనుంచి చూసి మొదట ఆమె కాదనుకున్నాను. రవిక భుజాల మీద వేలాడుతోంది. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. నెల రోజులుగా ఆమెను రోజూ చూస్తూ కూడా నేను చూడలేదు.

పక్కన వండుకుంటున్న ఆమె నన్ను చూసి, "నువ్వు ఈమె కోడలివా? కొంచెం చెప్పమ్మా. పొద్దున ఒక టీ తాగితే మళ్ళీ పొద్దుగూకేదాకా ఏం ముట్టదు. మేం పెట్టినా తినదు. ఇందాక కళ్ళు తిరిగి పడబోయింది" అంది.

"ఏంది అత్తా? ఉపవాసం మొక్కుకున్నావా మళ్ళా?" అన్నాను. గొంతులో విసుగు నాకే వినిపించింది.

"మొక్కు గాదు" అంది.

"మరేంది?"

ఆమె తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. చేపలు కోసి కోసి గీతలు పడిన చేతులు.

"ఈ చేతులతో తినబుద్ధి కావడంలా సొర్నా."

ఆమె పొయ్యిలోకి చూస్తూ చెప్పింది.

"పాప నా ఒళ్ళోనే ఉండె గదా. నిద్రపోయింది. నడుం చుట్టూ చేతులేసి పట్టుకోనే ఉంటి. అంతదూరం నుంచీ పట్టుకోనే వచ్చినా. ఆ గుడి కనిపించింది. ఎత్తేసినా. రెండు చేతులూ ఎత్తేసినా. ఒక్క చెయ్యన్నా ఉంచలా. ఎత్తిన చేతులు దించకముందే..." ఆగింది. "కిషోర్‌కు చెప్పలా. నీకు చెప్పాలని రోజూ తలుపుకాడ నిలబడినా. నన్ను లోపలికి పోనీకుండా నువ్వు మంచి పనే చేసినావు."

పక్కన పొయ్యిల దగ్గర ఎవరో నవ్వుతున్నారు. తాలింపు వాసన వస్తోంది. నెల రోజులుగా ఇది ఎవరి నెత్తిన పెడదామా అని నేను తిరిగాను. స్వామి నెత్తిన, ముత్యాలయ్య నెత్తిన, ఈమె నెత్తిన. ఇప్పుడు ఆమె తనంతట తానే నెత్తి వంచింది. పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

"నేనూ చూళ్ళేదత్తా" అన్నాను. "నేనూ ఆ గుడికి దణ్ణం పెట్టినా. కళ్ళు మూసుకోనే ఉండా."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నాకు ఏడుపు రాలేదు, ఆమెకూ రాలేదు. గంజి పొంగింది. నేను వంగి మంట తగ్గించాను. పక్కనామెను అడిగి ఒక పళ్ళెంలో అన్నం, పులుసు పెట్టించుకుని మా అత్త ముందు ఉంచాను.

"తిను. ఆ చేతులతోనే తిను. వణుకుతా ఉంటే బిడ్డకు గంజి ఎట్టా తాపిస్తావు?"

"నేనా?"

"నువ్వే. నాకాడ సరిగా తాగడంలా" అన్నాను. అది అబద్ధం. వెన్నెల నా దగ్గర బాగానే తాగుతోంది.

ఆమె నాలుగు ముద్దలు తింది. అయిదో ముద్ద దగ్గర ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది. మళ్ళీ తింది. రోడ్డు దాటేటప్పుడు గంజి గిన్నె ఆమె పట్టుకుంది. ఆమె మోచెయ్యి నేను పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి గంజి తాపించడం ఆమె పనైంది. అయిదో రోజో ఆరో రోజో, నేను కిటికీ దగ్గర బట్టలు మడుస్తున్నాను. వెన్నెల రెండు చెంచాలు తాగి పెదాలు బిగించేసింది. మా అత్త బతిమాలుతోంది. "ఇంకొక్కటి బంగారూ. ఇది నాయనకి. ఇది పడవకి." వెన్నెల తల అడ్డంగా తిప్పింది. నోరు ఒక పక్కకు లాగుతూ, పెదాలు కలుపుతూ విడదీస్తూ ఉంది. ఏదో గాలి శబ్దం వచ్చింది.

"ఏంది నాయనా?" అని మా అత్త చెవి దగ్గరగా పెట్టింది.

"ప్పు" అంది వెన్నెల. కళ్ళు మూసుకుని, బలమంతా కూడగట్టుకుని మళ్ళీ అంది, "ఉ... ప్పు."

మా అత్త చెంచా పట్టుకుని నా వంక చూసింది. "ఉప్పు మరిచిపోయినా సొర్నా. గంజిలో ఉప్పు వెయ్యలా!"

నేను చెప్పుల్లేకుండా వరండాలోకి పరుగెత్తాను. ఎవరికి చెప్పాలో తెలియక ఐసీయూ దాకా పోయి ఎలిశబెతు సిస్టర్‌ను పిలిచాను. ఆమె వచ్చి, విని, మా అత్త చెయ్యీ నా చెయ్యీ పట్టుకుని "స్తోత్రం" అంది. మా అత్త "గోవిందా" అంది. నేను కిషోర్‌కు ఫోను చేశాను. సముద్రం మీద సిగ్నలు లేదు. ఆ రోజంతా చేస్తూనే ఉన్నాను.

*

జులై మొదటి వారంలో ఇంటికి తెచ్చుకున్నాం. బిడ్డ ఇల్లు చేరితే భయం తీరుతుందనుకున్నాను. ఆస్పత్రిలో భయం పది మందిది. ఇంట్లో అదంతా నాదే. ఫిట్స్ వస్తాయేమో చూసుకోమన్నారు. మాత్ర ఒక పూట కూడా తప్పకూడదన్నారు. తల వేడిగా ఉందేమోనని పది నిమిషాలకోసారి చెయ్యి పెట్టేదాన్ని. పాప కాస్త పరధ్యానంగా చూస్తే పేరు పెట్టి పిలిచేదాన్ని. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని.

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, అదీ తారుమారుగా. సముద్రాన్ని చూపించి "పాలు" అంది. పిల్లిని "చెప్పు" అంది. తప్పని తనకే తెలిసి కోపంతో ఎడమ చేత్తో నేలను కొట్టేది. కిషోర్ నవ్వించడానికి తనూ పిల్లిని "చెప్పూ, ఇట్రా" అని పిలిచేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

వారానికి రెండుసార్లు నెల్లూరు తీసుకుపోతే సుశీల్ కుమార్ అనే కుర్ర డాక్టరు చేతికీ కాలికీ కసరత్తులు చేయించేవాడు. ఇంటి దగ్గర బంతి పిసికించమన్నాడు, గింజలు ఏరించమన్నాడు. వెన్నెలకు విసుగు, అన్నీ విసిరికొట్టేది. మా అత్త తన దారి తాను చూసుకుంది. ఇంటి ముందు ఎండబెట్టిన నెత్తళ్ళ పక్కన పాపను కూర్చోబెట్టి, "ఇవన్నీ గంపలోకి ఎత్తాల. సంతకు పొద్దుపోతా ఉండాది, కుడి చేత్తో బిన్నా ఎత్తు" అని నిజంగా తొందర పెట్టేది. ఆ వేలెడంత ఎండు చేపను వేళ్ళ మధ్య పట్టడానికి మొదటి రోజు వెన్నెలకు చాలాసేపు పట్టింది. జారిపోయేది, మళ్ళీ పట్టేది. జులై చివరికి గంప అడుగు నిండింది.

చూడవచ్చిన వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో మాట అన్నారు. కోన స్వామి చల్లగా చూశాడన్నారు. గంగమ్మ తల్లి అన్నారు. కసుమూరు దారం మహిమ అన్నారు. డాక్టరు చెయ్యి మంచిదన్నారు. ముత్యాలయ్య కట్టు విప్పిన చేత్తో అరటిపళ్ళు తెచ్చి, గుమ్మం అవతలే నిలబడి, లోపలికి రమ్మని నేను పిలిచేదాకా రాలేదు. నన్ను ఎవరైనా అడిగితే నాకు తెలియదనే చెప్పాను. ఒక శనివారం తలకు పోసుకుని, పటం తుడిచి, దీపం మాత్రం పెట్టాను. ఏమీ అడగలేదు. అడగాలంటే భయమేసింది. ఊరికే కాసేపు కూర్చున్నాను. వెనక నుంచి మా అత్త చూసింది.

ఆగస్టు చివర్లో టీచరమ్మ వచ్చి, రోజుకు రెండు గంటలైనా పాపను బడికి పంపమంది. పిల్లల మధ్య ఉంటే మాట తొందరగా వస్తుందంది. బడి పాలెం ఆ చివర ఉంది. వెన్నెల కుడి కాలు ఈడుస్తూ నడుస్తోంది. మొదటి నాలుగు రోజులు నేను ఎత్తుకునే పోయాను. ఏడేళ్ళ పిల్ల, పిల్లలందరూ చూస్తుంటే నా భుజంలో ముఖం దాచుకునేది. అయిదో రోజు "వద్దు" అని దిగిపోయి గుమ్మం పట్టుకుంది.

"నేను నడిపిచ్చుకోని పోతా" అంది మా అత్త. "నీకు పొయ్యి మీద పని ఉండాది గదా."

ఆమె నా ముఖం చూడకుండా అంది ఆ మాట. నేను కాదంటే ఇంకెప్పుడూ అడగదని నాకు తెలుసు. పలకా పుస్తకాల సంచీ తెచ్చి ఆమె భుజానికి తగిలించాను.

వాళ్ళు గడప దాటారు. నేను పొయ్యి ముందుకు పోయి కూర్చోలేకపోయాను. వాళ్ళకు కనిపించకుండా, ఒడ్డున వరసగా ఉన్న పడవల చాటున వెనకే నడిచాను. ఇసుకలో వెన్నెల ఒక అడుగు వేసి, రెండోది లాగి, మళ్ళీ వేస్తోంది. మా అత్త ఆమెకు ఒక జానెడు దూరంలో, అదే నడకతో పోతోంది. పట్టుకోలేదు. పట్టుకో అత్తా, అని లోపల అరుస్తున్నాను.

ఎండిన తాడు ఒకటి ఇసుకలో అడ్డంగా ఉంది. వెన్నెల కాలు తగులుకుని ముందుకు పడిపోయింది.

మా అత్త వంగింది. రెండు చేతులూ బిడ్డ దాకా పోయాయి. అక్కడ ఆగిపోయాయి. ముట్టుకోకుండా, మళ్ళీ పడితే పట్టుకోవడానికి అన్నట్టు, అట్లాగే వంగి ఉండిపోయింది. నేను పడవ అంచు పట్టుకున్నాను. వెన్నెల తల ఎత్తింది. మోకాళ్ళ మీదికి వచ్చింది. ఎడమ చెయ్యి ఇసుకలో ఊని, తర్వాత కుడి చెయ్యి కూడా ఊని, పిర్రలు పైకెత్తి, ఊగుతూ లేచి నిలబడింది. గౌను దులుపుకుంది. "తాడు" అంది నాయనమ్మతో, కోపంగా. సరిగ్గా తాడునే తాడు అంది.

"అవును, తాడే. దొంగ తాడు" అంది మా అత్త, కాలితో దాన్ని అవతలికి నెడుతూ.

మళ్ళీ నడిచారు. బడి ఇంకా చాలా దూరం ఉంది. మధ్యలో కాలవ మీద చెక్క పలక ఉంది, అవతల గుంతలున్నాయి. కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత వెనక్కి తిరిగి, వాళ్ళు బడికి చేరేదాకా చూడకుండానే, ఇంటికి వచ్చేశాను.